టంగ్ జాక్ మార్చే ముందు ఇవి చూస్కోండి

ట్రిప్పుల సీజన్ వస్తోంది, కారు వెనక లాక్కెళ్ళే ట్రావెల్ ట్రైలర్‌కి టంగ్ (కారుకి తగిలించే ముందు కొస) మీద ఉండి ముందువైపుని ఎత్తే చేతి జాక్ తీసి ఎలక్ట్రిక్‌ది పెట్టాలనుకునేవాళ్ళు బోల్టులు విప్పేముందు ఇవి చూడండి.

- చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టి, ఫ్రేమ్ కింద జాక్ స్టాండ్లు పెట్టాకే పాతది ముట్టుకోండి, ట్రైలర్ ముందువైపు బరువంతా దానిమీదే ఉంటుంది, జారితే కింద చెయ్యో కాలో ఉంటే నుజ్జే. జాక్ కాలు నేల నుంచి లేపి చూడండి, స్టాండ్లు నిజంగా మోస్తున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

- టంగ్ మీద పడేది మామూలుగా మొత్తం బరువులో 10-15 శాతం, జాక్ కెపాసిటీ దానికంటే బాగా ఎక్కువుండాలి.

- బోల్టుల దగ్గర పెయింట్ గీకండి. చాలా జాక్‌లకి ఎర్త్ (నెగటివ్ కనెక్షన్) ఫ్రేమ్‌ నుంచే, పెయింట్ అడ్డొస్తే మోటర్ మూలుగుతుంది తప్ప లేవదు.

- పాజిటివ్ వైరుకి ఫ్యూజ్ బ్యాటరీ దగ్గరే, షార్టయితే వైరు కాలకుండా.

- చేత్తో తిప్పే హ్యాండిల్ ట్రైలర్‌లోనే ఉంచండి, బ్యాటరీ దిగిపోతే అదే దిక్కు.