వైల్డ్‌లైఫ్ బయాలజీ యూనివర్సిటీలో చదవాలంటే ఏం చేయాలి?

"నాకు జంతువులంటే ప్రాణం, అందుకే వైల్డ్‌లైఫ్ బయాలజీ చదువుతా" అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఆ ఇష్టం ఉండాల్సిందే. కాకపోతే నాలుగేళ్ల చదువులో జంతువు కనిపించే గంటలు తక్కువ, దాని గురించి రాసుకున్న అంకెలతో కుస్తీ పట్టే గంటలు ఎక్కువ. అడవిలో ఎన్ని ఉన్నాయి, ఎందుకు తగ్గుతున్నాయి, ఏం చేస్తే నిలుస్తాయి: ఈ మూడు ప్రశ్నల చుట్టూనే ఈ శాస్త్రం తిరుగుతుంది. 1985లో మైకేల్ సౌలే అనే అమెరికన్ శాస్త్రవేత్త కన్జర్వేషన్ బయాలజీని, అంటే జీవుల్ని అంతరించకుండా కాపాడే శాస్త్రాన్ని, సంక్షోభ శాస్త్రం అన్నాడు. సమాచారం పూర్తిగా చేతికి రాకముందే నిర్ణయం తీసుకోవాల్సిన శాస్త్రం అని ఆయన ఉద్దేశం. అందుకే ఉన్న కాస్త సమాచారాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తెలియడం ఇక్కడ చాలా ముఖ్యం.

1. ముందు పని మీకు పడుతుందో లేదో చూసుకోండి

అప్లికేషన్ పెట్టకముందే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. రెండు వారాలపాటు రోజూ ఒకే చోట, ఒకే సమయానికి ఇరవై నిమిషాలు కూర్చోండి. కనిపించిన, వినిపించిన ప్రతి పక్షినీ రాయండి. తేదీ, సమయం, ఎండా మబ్బా గాలా, అన్నీ రాయండి. ఏమీ కనిపించని రోజున సున్నా అని రాయండి. సున్నా కూడా సమాచారమే, దాన్ని వదిలేస్తే లెక్క మొత్తం చెడుతుంది.

ఐదో రోజుకి విసుగు రావడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పదో రోజున "మొన్నటిదాకా రాని పిట్ట ఇవాళ ఎందుకొచ్చింది?" అనిపించిందంటే ఈ చదువు మీకు సరిపోతుంది.

2. స్కూల్లో లెక్కల్ని వదలొద్దు

బయాలజీ ఎలాగూ కావాలి. జెనెటిక్స్ ల్యాబ్‌కి కెమిస్ట్రీ, మ్యాపులకి జాగ్రఫీ పనికొస్తాయి. "బయాలజీ చదివేవాళ్లకి లెక్కలెందుకు" అనుకుని వదిలేసినవాళ్లే మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ క్లాసులో ఎక్కువ ఇబ్బంది పడతారు.

3. కోర్సు పేరు చూసి కాదు, సిలబస్ చూసి చేరండి

ఇదే చదువు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో పేరుతో ఉంటుంది: జువాలజీ, ఎకాలజీ, ఫారెస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. పేరులో వైల్డ్‌లైఫ్ అని ఉన్నంత మాత్రాన లోపల ఫీల్డ్‌వర్క్ ఉంటుందన్న గ్యారంటీ లేదు. పేపర్ల జాబితా తెప్పించుకుని స్టాటిస్టిక్స్, జీఐఎస్ మ్యాపింగ్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసి విశ్లేషించడం), జెనెటిక్స్, చట్టాలూ విధానాలూ ఉన్నాయేమో చూడండి. వీటిలో రెండు లేకపోతే నేనైతే ఇంకో కోర్సు వెతుక్కుంటాను.

ఇప్పుడు అక్కడ చదువుతున్నవాళ్లని అడగండి. ఏడాదికి ఎన్ని రోజులు ఫీల్డ్‌కి తీసుకెళ్తారు? ఆ ఖర్చు ఎవరిది? చివరి ఏడాది ప్రాజెక్టు అంశాన్ని మనమే ఎంచుకోవచ్చా? కాలేజీ బ్రోషర్‌లో దొరకని జవాబులు సీనియర్ల దగ్గర రెండు నిమిషాల్లో దొరుకుతాయి.

పశువైద్యంతో దీన్ని కలపకండి. ఒక జింక కాలు విరిగితే అది పశువైద్యుడి పని. ఆ మందలో పిల్లలు బతకడం ఎందుకు తగ్గిందన్నది ఈ శాస్త్రం పని.

4. లెక్కపెట్టడం నేర్చుకోండి

నా దృష్టిలో డిగ్రీలో అసలు పాఠం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చెరువులో చేపలెన్ని? నీళ్లన్నీ తోడి చూడలేం కదా. యాభై చేపల్ని పట్టి, గుర్తు పెట్టి వదిలేస్తాం. కొన్నాళ్లకి మళ్లీ వల వేస్తే నలభై పడ్డాయి, అందులో పదింటికి మన గుర్తు ఉంది. అంటే పట్టిన వాటిలో నాలుగో వంతు గుర్తువి. కాబట్టి మనం గుర్తు పెట్టిన యాభై కూడా చెరువులో నాలుగో వంతు అయి ఉండాలి. మొత్తం 200. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1890లలో సముద్రపు చేపల మీద, అమెరికాలో లింకన్ 1930లో బాతుల మీద వాడిన లెక్క ఇది. ఇప్పటికీ ఇద్దరి పేర్లూ కలిపే పిలుస్తారు.

ఇప్పుడు చిక్కు చూడండి. ఒకసారి వలలో పడ్డ చేప భయపడి రెండోసారి వలకి దూరంగా తిరిగిందనుకోండి. గుర్తున్నవి పది పడాల్సిన చోట ఐదే పడతాయి. అదే లెక్క వేస్తే 400 వస్తుంది. చెరువులో ఒక్క చేప కూడా పెరగలేదు, కాగితం మీద మాత్రం రెట్టింపయ్యాయి! "చేపలు బాగానే ఉన్నాయి, పట్టుకోండి" అని ఆ అంకెను చూసి ఎవరైనా అనుమతిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఫార్ములా వాడటం పది నిమిషాల పని. అది ఏయే షరతుల మీద నిలబడిందో, మన జంతువు ఆ షరతుల్ని పాటిస్తుందో లేదో ఆలోచించడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

పులుల లెక్క కూడా ఈ దారిలోనే వచ్చింది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కాబట్టి గుర్తు పెట్టే పని లేదు, ఫొటో చాలు. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ అనే శాస్త్రవేత్త కెమెరా ట్రాపులతో (జంతువు ఎదురుగా వస్తే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలతో) ఈ పద్ధతిని పులులకు వాడి చూపించారు. పులి ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు వేరువేరుగా ఉంటాయి. అందుకే దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు పెడతారు. ఒకే వైపు పెడితే ఒక పులిని రెండుగా లెక్కేసే ప్రమాదం ఉంది.

ఈ లెక్కలకి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, మ్యాపులకి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. రెండూ ఉచితం. కోర్సులో నేర్పేదాకా ఆగకుండా మీ రెండు వారాల పక్షుల జాబితాతోనే మొదలుపెట్టండి.

5. ఒక జీవుల గుంపును గట్టిగా పట్టుకోండి

అన్ని జంతువులూ కొంచెం కొంచెం తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. గడ్డి రకాల్ని, కప్పల్ని, సాలెపురుగుల్ని చూడగానే చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఫీల్డ్ బృందానికి కావాల్సింది వాళ్లే. పెద్దపులి మీద మోజున్నా సరే, రెండో ఆసక్తిగా మొక్కల్ని పెట్టుకోమంటాను. జింక ఏం తింటుందో తెలియకుండా పులి కథ అర్థం కాదు. ఈబర్డ్ (పక్షులకి), ఐనాచురలిస్ట్ (అన్ని జీవులకీ) అనే వెబ్‌సైట్లలో మీరు చూసినవి నమోదు చేస్తే తప్పులు దిద్దేవాళ్లు కూడా దొరుకుతారు.

నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయండి. వానకి పెన్ను రాత ఎలా కరిగిపోతుందో నేను ఒక పూట పనంతా పోగొట్టుకున్నాకే తెలుసుకున్నాను.

6. మనుషుల్ని కూడా చదవండి

1990లలో భారత ఉపఖండంలో రాబందులు కుప్పలుగా చచ్చిపోయాయి. ఏదో అంటురోగం అనుకున్నారు. 2004లో అసలు కారణం బయటపడింది: పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుకి కిడ్నీలు పాడయ్యేవి. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువులకి ఆ మందును నిషేధించాయి, బదులుగా మెలాక్సికామ్ అనే మందు వాడమన్నారు.

ఇందులో పక్షుల శాస్త్రం ఎంత? మందుల దుకాణం, రైతు అవసరం, ప్రభుత్వ ఉత్తర్వు ఎంత? రైతుకి ఇంకో మందు చూపించకుండా నిషేధం ఒక్కటే పెడితే నిలబడేది కాదు. అందుకే సోషల్ సైన్స్ పేపర్ ఆప్షనల్‌గా ఉంటే తీసుకోండి. అడవి అంచున ఉండేవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లకి పాఠం చెప్పబోకండి, చెప్పింది వినండి. ఏనుగు ఏ దారిన వస్తుందో వాళ్లకే బాగా తెలుసు.

7. ఫీల్డ్ అనుభవం సంపాదించండి, డబ్బు జాగ్రత్త

వాలంటీర్ల దగ్గరే వేలకి వేలు వసూలు చేసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. పిల్ల జంతువుల్ని ఎత్తుకుని ఫొటోలు దిగనిస్తామంటే అది సంరక్షణ కాదు, అటు వెళ్లకండి. సేకరించిన డేటా ఏమవుతుంది, అనుమతి ఎవరిచ్చారు, ప్రమాదం జరిగితే ఏర్పాటేంటి అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. మీ ప్రొఫెసర్ల దగ్గర రీసెర్చ్ చేస్తున్న విద్యార్థులకి కెమెరా ట్రాప్ ఫొటోల్ని జంతువుల వారీగా విడదీయడానికి ఎప్పుడూ మనుషులు కావాలి. బోర్ కొట్టే పనే, కానీ మంచి ఇంటర్న్‌షిప్‌లు చాలావరకు అక్కడినుంచే మొదలవుతాయి.

8. ప్రాజెక్టు ప్రశ్నను చిన్నది చేయండి

"చిరుతల సంరక్షణ" అనేది ప్రశ్న కాదు. "రోడ్డుకి దగ్గరయ్యేకొద్దీ ఫలానా పక్షి గూళ్లు తగ్గుతున్నాయా?" అనేది ప్రశ్న. అనుమతుల కోసం నెలల ముందే అప్లై చేయండి, అవి రాక సీజన్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అసలు పనికి ముందు రెండు రోజులు ట్రయల్ చేయండి. డేటాని ఆ రాత్రే ఇంకో రెండు చోట్ల కాపీ చేయండి.

9. ఆ తర్వాత

అటవీ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, మ్యూజియంలు, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు, యూనివర్సిటీలు: ఉద్యోగాలు ఇక్కడ ఉంటాయి. మొదట్లో చాలావరకు ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులే. రీసెర్చ్‌లో నిలబడాలంటే పీజీ దాదాపు తప్పదు. అప్పుడు గైడ్ కోసం ప్రొఫెసర్లకి మెయిల్ రాయాల్సి వస్తుంది. అందరికీ ఒకే మెయిల్ పంపకండి. ఆ ప్రొఫెసర్ రాసిన పేపర్ ఒకటి పూర్తిగా చదివి, మీకు నిజంగా అర్థం కాని ఒక్క ప్రశ్న అడగండి. పది లైన్లు దాటొద్దు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి మాత్రం గుర్తు చేయండి.