సంతకం పేజీకి ఒక చిన్న చీటీ

రచయిత సంతకం కోసం గంటసేపు లైన్‌లో నిలబడ్డాక పుస్తకంలో మన పేరు తప్పుగా పడితే ప్రాణం ఉసూరుమంటుంది. నేను ఎక్కువగా చదివేది టీనేజ్ ఫాంటసీ నవలలు, అవీ ఇంగ్లీషులో. నా పేరు ‘లత’లో టీ తర్వాత హెచ్ ఉందా లేదా అన్నది బయటి ఊళ్ల రచయితలకు తెలియదు. ఆ మైకుల హోరులో అరిచి చెప్పినా వినపడదు.

ఇప్పుడు నేను బయల్దేరే ముందే 3 అంగుళాల స్టిక్కీ నోట్ మీద పేరును పెద్ద అక్షరాల్లో రాసి, పుస్తకం పేరున్న లోపలి పేజీకి అంటిస్తున్నాను. అర అంగుళం పైకి కనపడేలా పెడితే పుస్తకం సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. స్నేహితురాలి కోసమైతే ఆ పుస్తకానికి వేరే చీటీ. పేరు చెప్పే పని లేదు కాబట్టి, దొరికిన ఆ అర నిమిషం నచ్చిన పాత్ర గురించి మాట్లాడొచ్చు. నాకు అదే పెద్ద లాభం!

పెన్ను కూడా మనదే తీసుకెళ్లడం మంచిది, మామూలు బాల్ పెన్ చాలు. జెల్ పెన్‌తో పెడితే మాత్రం మధ్యలో టిష్యూ పేపర్ ఉంచి పుస్తకం మూయండి, లేదంటే ఎదుటి పేజీకి అంటుకుంటుంది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలకు స్టిక్కీ నోట్ వద్దు. పెళుసుబారిన కాగితం జిగురుతో పాటు లేచి వస్తుంది. వాటిలో మామూలు కాగితం చీటీ పెట్టండి.