కంపెనీ లాభాలపై కోపం వచ్చినప్పుడు లెక్క ఎలా చూడాలి

ధరలు పెరిగి ఇల్లు గడవడం కష్టమైన ఏడాదిలోనే ఒక పెద్ద కంపెనీ రికార్డు లాభం ప్రకటిస్తే జనానికి కడుపు మండటం సహజం. ఆ కోపాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. అయితే లెక్క చూడని కోపాన్ని కంపెనీ ప్రతినిధి "మా మార్జిన్ రెండు శాతమే" అన్న ఒక్క మాటతో నీరుగార్చేయగలడు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి ఏవేవి చూడాలో కింద వివరిస్తున్నాను.

ముందుగా కంపెనీ వార్షిక నివేదికలోని లాభనష్టాల ఖాతా తీయండి. పై వరుసలో మొత్తం ఆదాయం, చివర పన్నులు కూడా పోగా మిగిలిన నికర లాభం ఉంటాయి. రెండో అంకెను మొదటి దానితో భాగించి వందతో గుణిస్తే వచ్చేది నికర మార్జిన్. 2023 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో వాల్‌మార్ట్ ఆదాయం సుమారు 61,130 కోట్ల డాలర్లు, నికర లాభం సుమారు 1,170 కోట్ల డాలర్లు. అంటే వంద డాలర్ల అమ్మకంపై మిగిలింది రెండు డాలర్ల లోపే. 2022 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో యాపిల్‌కు 39,430 కోట్ల ఆదాయంపై 9,980 కోట్ల డాలర్ల లాభం వచ్చింది, అంటే వందకు పాతిక. లాభం మొత్తాన్ని మాత్రమే చెప్పే వార్తలో ఈ తేడా కనిపించదు.

స్థూల మార్జిన్ అన్న మాట వినిపిస్తే జాగ్రత్తపడండి. అందులో సరుకు కొన్న లేదా తయారుచేసిన ఖర్చు మాత్రమే తీసివేస్తారు. కార్యాలయ సిబ్బంది జీతాలు, ప్రకటనలు, వడ్డీ, పన్నులు ఇంకా అందులోనే ఉంటాయి. విమర్శించేవారు స్థూల మార్జిన్‌ను, సమర్థించుకునేవారు నికర మార్జిన్‌ను పట్టుకుని వాదించుకుంటే ఆ చర్చ ఎంతసేపు సాగినా తేలదు.

తక్కువ మార్జిన్ ఉందంటే కంపెనీకి గిట్టుబాటు కావడం లేదని అర్థం కాదు. సరుకు కొని అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ సరుకు కొనడం ఏడాదిలో ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లు ఆ చిన్న లాభం వచ్చి చేరుతుంది. అందుకే బ్యాలెన్స్ షీటుకు, అంటే ఆస్తి అప్పుల పట్టికకు వెళ్లి నికర లాభాన్ని వాటాదారుల మూలధనంతో పోల్చాలి. పైన చెప్పిన ఏడాదిలోనే వాల్‌మార్ట్‌కు ఈ రాబడి దాదాపు 15 శాతం. "రెండు శాతమే" అన్నదీ నిజమే, ఇదీ నిజమే. మనకు వినిపించేది మాత్రం మొదటిదే.

అన్నిటికన్నా నిదానంగా చూడవలసింది ధరలు పెరిగే కాలంలో మార్జిన్ చేసే మాయ. ఒక వస్తువుపై ఖర్చు 90, ధర 100 అనుకుందాం. లాభం 10, మార్జిన్ పది శాతం. ఖర్చు 108కి చేరగానే కంపెనీ ధరను 120 చేస్తే లాభం 12 అవుతుంది, మార్జిన్ మాత్రం అదే పది శాతం. "మా మార్జిన్ పెరగలేదు" అని కంపెనీ చెప్పేది అబద్ధం కాదు, కానీ ఒక్కో వస్తువుపై దాని లాభం ఇరవై శాతం పెరిగింది, ఖర్చుల భారమంతా కొనేవారి మీదే పడింది. 2023 జూన్‌లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆర్థికవేత్తలు యూరో దేశాల ద్రవ్యోల్బణంలో దాదాపు సగానికి పెరిగిన కంపెనీ లాభాలే కారణమని లెక్కగడుతూనే, దాన్ని బట్టి మార్జిన్లు పెరిగాయని చెప్పలేమని హెచ్చరించడం ఈ తేడా వల్లనే. కాబట్టి శాతాన్నీ, ఒక్కో వస్తువుపై లాభాన్నీ రెండింటినీ అడగండి.

ఒక్క ఏడాది లెక్కతో తీర్పు చెప్పకండి. కనీసం ఐదేళ్ల అంకెలు పక్కపక్కన రాసుకోండి. చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ 2022లో సుమారు 5,570 కోట్ల డాలర్ల లాభం ప్రకటించింది, కానీ 2020లో సుమారు 2,240 కోట్ల డాలర్లు నష్టపోయింది. అయినా ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఊడిపడిన లాభం కంపెనీ ప్రతిభ కాదు కనుక దానిపై అదనపు పన్ను వేయడం న్యాయమేనని నా అభిప్రాయం. బ్రిటన్ 2022 మే నుంచి ఉత్తర సముద్రపు చమురు, గ్యాస్ లాభాలపై 25 శాతం అదనపు పన్ను వేసి, 2023 జనవరి నుంచి దాన్ని 35 శాతానికి పెంచింది.

చివరగా, మనం చెల్లించిన డబ్బు నిజంగా ఎవరి చేతికి చేరిందో ఆరా తీయండి. అమెరికాలో ఎలీ లిల్లీ అనే మందుల కంపెనీ ఇన్సులిన్ హ్యూమలాగ్ సీసా ప్రకటిత ధర 1996లో 21 డాలర్లు. 2017 నాటికి 275 డాలర్ల దాకా పోయింది. ఆ పెంపులో పెద్ద భాగం బీమా సంస్థల తరఫున బేరమాడే మధ్యవర్తులకు రిబేట్లుగా, అంటే ధరలోంచి కంపెనీ తిరిగి ఇచ్చే సొమ్ముగా వెళ్లింది. బీమా లేని రోగి మాత్రం పూర్తి ధర కట్టాడు. కంపెనీ నికర మార్జిన్ ఒక్కటే చూసినవారికి ఈ అన్యాయం కనపడదు. 2023 మార్చిలో అదే కంపెనీ ధరను 70 శాతం తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఏళ్ల తరబడి రోగులు చేసిన పోరాటం ఒక కారణమైతే, పేదల వైద్య పథకానికి కంపెనీలు కట్టవలసిన రిబేట్లపై ఉన్న గరిష్ఠ పరిమితిని 2024 జనవరి నుంచి ఎత్తివేసిన చట్టం మరో కారణం. ఆ పరిమితి పోయాక పాత ధరనే కొనసాగిస్తే రిబేటు ధరను మించిపోయి, ఆ పథకంలో అమ్మిన ప్రతి సీసాపైనా కంపెనీయే ఎదురు డబ్బు కట్టవలసి వచ్చేది.