మేడ మీద మొక్కల్లో వాక్యం వెతుక్కోవడం ఎలా

చర్చిలో సాక్ష్యం చెప్పమంటే నేను మొక్కల సంగతే చెప్తానని మావాళ్లు నవ్వుతారు. మొన్న మా ఇంట్లో పెట్టుకున్న కాటేజ్ ప్రేయర్‌కి (ఇళ్లలో జరిగే ప్రార్థన కూడికకి) వచ్చిన ఇద్దరు మాత్రం "అక్కా మీకివన్నీ ఎలా తడతాయి, మాకు కుండీ చూస్తే కుండీలానే కనిపిస్తుంది" అని అడిగారు, అందుకే రాస్తున్నా. మాది వైజాగ్‌లో మర్రిపాలెం వైపు, మేడ మీద పాతిక కుండీలు, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, అంతే. మీకు మొక్కలు కాకుండా కుట్టుపనో వంటో ఇష్టమైతే అందులోనూ ఇలాగే చేస్కోవచ్చు.

మొట్టమొదట, బైబిల్ వచనం పట్టుకుని మొక్క దగ్గరికి వెళ్లకండి. నేను మొదట్లో అదే చేసేదాన్ని, పొద్దున్నే ఒక వచనం చదివేసి దానికి సరిపోయే ఆకో పువ్వో దొరుకుతుందేమో అని చూడటం, దొరక్కపోతే బలవంతంగా అతికించడం. అది ధ్యానం కాదు, హోంవర్క్. ముందు పని చెయ్యండి. మిమ్మల్ని విసిగించిందో, అర్థం కానిదో, పాడైపోయిందో ఏదైనా ఉంటే తేదీ వేసి ఒక్క లైను నోట్‌బుక్‌లో రాసుకోండి. "టమాటాకి పిండినల్లి, లీటరు నీళ్లకి 5 ఎం.ఎల్. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టా." ఇలాగ. చాలా లైన్లకి ఎప్పటికీ ఏ పాఠమూ రాదు, ఫర్లేదు, పిండినల్లి పిండినల్లే.

నా జామ సంగతి చెప్తా. కడియం మొక్కలు తెచ్చే బండి దగ్గర కొన్న అంటు, డ్రమ్ములో పెట్టా, మూడేళ్లయినా ఒక్క కాయ లేదు. మా ఆయనేమో "అది పీకేస్తే ఆ డ్రమ్ములో నీళ్లైనా పట్టుకుందాం" అన్నారు, ఎండాకాలంలో మా వీధికి నీళ్లొచ్చే తీరు చూస్తే ఆయన మాటా తప్పేం కాదు. నోట్‌బుక్‌లో "జామ, మూడేళ్లు, కాయ లేదు" అని రాస్తుంటే ఆ మూడేళ్లు దగ్గర చెయ్యి ఆగింది. లూకా సువార్త 13లో యేసు చెప్పిన కథలో కాయని అంజూరపు చెట్టుకి కూడా మూడేళ్లే కదా.

అలా ఏదైనా తగిలినప్పుడు ఒక్క వచనం దగ్గర ఆగకుండా ముందూ వెనకా మొత్తం చదవండి. యజమాని నరికెయ్యమంటాడు, తోటమాలి "నేను దానిచుట్టు త్రవ్వి, ఎరువు వేయుమట్టుకు ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అంటాడు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో ఈ వాక్యం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు, అన్నీ "దేవుడు మనకి ఇంకో ఏడాది గడువిచ్చాడు" దగ్గరే ఆగేవి. చేతికి మట్టి అంటాక గానీ నాకు తెలీలేదు, ఆ తోటమాలి ఊరికే గడువు అడగట్లేదు, తవ్వే చాకిరీ తన నెత్తిన వేసుకుంటున్నాడు.

సరే, వానలు పడ్డాక డ్రమ్ము పక్కకి పడుకోబెట్టి మొక్కని లాగాం. వేర్లు డ్రమ్ము ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి, కొబ్బరిపీచు చాపలాగ, మట్టే కనపడట్లేదు, అంటే మూడేళ్లు నేను పైపైన వేసిన ఎరువంతా వృథా అన్నమాట. చుట్టుకున్న వేర్లు చాకుతో కోసి, కొమ్మలు కూడా మూడో వంతు తగ్గించి, కొత్త మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి మళ్లీ పెట్టాం. జామ కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది కాబట్టి కొమ్మలు కొట్టక తప్పదు. కత్తెర పట్టుకుని పచ్చగా ఉన్న కొమ్మ దగ్గర చాలాసేపు నిలబడిపోయా, మనసొప్పలేదు. యోహాను 15 అప్పుడు దానంతటదే గుర్తొచ్చింది, ఫలించే తీగె మీద కూడా కత్తెర పడుతుందని ఉంది కదా అందులో.

ఇక్కడ ఒక జాగ్రత్త. కుండీలో దొరికింది మీకోసం, పక్కవాళ్ల మీద విసరడానికి కాదు. ఉద్యోగం పోయిన ఒకావిడతో నేను "దేవుడు కొమ్మలు కత్తిరిస్తున్నాడమ్మా" అనేశా. ఆవిడ ఏమీ అనలేదు, తల దించుకుని చేతిలో రుమాలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. ఆ రోజు ఆవిడింటికి బియ్యం పట్టుకెళ్లాల్సింది, పాఠం కాదు.

సండే స్కూల్ పిల్లలకైతే చెప్పడం కంటే చేతికివ్వడం మేలు. తడి దూదిలో చిక్కుడు గింజలు పెట్టించండి. ఒకడు రోజూ కదిపి కదిపి మొలకే విరిచేశాడు, మార్కు 4లో విత్తినవాడు హాయిగా పడుకుని లేస్తుంటే అతనికి తెలియకుండానే విత్తనం మొలుస్తుందని చదివితే అందరూ వాడికేసి చూసి నవ్వారు.

కొన్ని పాఠాలు ఏళ్లు పడతాయి. మా అత్తగారు నాటిన కరివేపాకు ఇప్పుడు గోడ దాటింది, ఆవిడ లేరు, పోపులో రోజూ వేస్తున్నాం. యోహాను 4లో "విత్తువాడొకడు కోయువాడొకడు" అన్నమాట నాకు అక్కడ అర్థమైంది. మన ఊళ్లో ఇంకోటీ అలాగే జరిగింది. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అని లండన్ మిషనరీ సొసైటీవాళ్లు ఇద్దరు మన వైజాగ్‌కే వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తలు తర్జుమా చెయ్యడం మొదలుపెట్టారు. ఒకాయన 1809లో, ఇంకొకాయన 1810లో పోయారు, మత్తయి, మార్కు, లూకా బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇందాక నా జామకోసం లూకా తెరిచాను కదా, అప్పుడు అచ్చయిన ఆ తెలుగు లూకా తర్జుమా జరిగింది ఈ ఊళ్లోనే, ఆ పుస్తకం వాళ్లిద్దరూ చూడనేలేదు.

జామ ఇప్పుడు పూత మీద ఉంది. నిలుస్తుందో రాలుతుందో చూడాలి, లూకాలో కూడా ఆ చెట్టు చివరికి కాసిందో లేదో రాయలేదు. మా ఆయన మాత్రం డ్రమ్ము అడగడం మానేసి నీళ్లకి ఇంకోటి కొనుక్కొచ్చారు.