పేపర్లో రాయని వార్తను చదవడం ఎలా

అబద్ధం రాస్తే ఎప్పటికైనా దొరుకుతుంది. ఎవరో ఒకరు ఖండిస్తారు, కేసు వేస్తారు, అవతలి పేపర్ వాళ్లు ఆధారాలు పెట్టి ఏకేస్తారు. రాయకుండా వదిలేసింది మాత్రం దొరకదు, ఎందుకంటే అది అక్కడ లేనే లేదు, లేనిదాన్ని ఎవరు ఖండిస్తారు? మన తెలుగు పేపర్లలో, చానళ్లలో ఏది ఎవరి వైపో టీ కొట్టు దగ్గర ఎవర్ని అడిగినా చెబుతారు కాబట్టి, పక్షపాతం అనగానే మనం ఆ తిట్లూ పొగడ్తలూ చూసి అక్కడే ఆగిపోతాం. నన్నడిగితే వదిలేసిన దాంట్లోనే ఎక్కువ పక్షపాతం ఉంటుంది. నేను కొన్నేళ్లు ఒక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. అక్కడ చూసిందీ, బయటికొచ్చాక మామూలు పాఠకుడిగా అలవాటు చేసుకున్నదీ కలిపి చెబుతున్నాను.

వార్త చదవకముందే చేయాల్సిన పని ఒకటుంది. హెడ్డింగ్ చూసి పేపర్ పక్కన పెట్టండి. అదే సంగతి మీ పక్కింటాయన వచ్చి చెబుతుంటే మీరు ఏమేం అడుగుతారో నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే వార్తలోకి వెళ్లండి. ముందు చదివేసి తర్వాత ప్రశ్నలు వేసుకుందాం అంటే కుదరదు. ఒకసారి చదివాక పేపర్ వేసిన ప్రశ్నలే మన ప్రశ్నలైపోతాయి, అది అడగనివి మనకూ తట్టవు.

ఇది నాకు గట్టిగా తెలిసొచ్చింది దిశ కేసులో, అంటే హైదరాబాద్ శివార్లలో ఒక యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపిన కేసులో. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజంతా టీవీల్లో పోలీసుల మీద పూలు చల్లుతున్న దృశ్యాలే. ఆ అమ్మాయికి జరిగింది తలచుకుంటే నాక్కూడా కోపం పొంగుకొచ్చింది కాబట్టి ఆ రోజు ప్రశ్నలు అడగాలని ఎవరికీ అనిపించలేదంటే నేను అర్థం చేసుకోగలను. కానీ అడగాల్సినవి మామూలు ప్రశ్నలే. నిందితులు తుపాకులు లాక్కున్నారని పోలీసులు చెప్పారు, కస్టడీలో ఉన్నవాళ్ల చేతికి అవి ఎలా వచ్చాయి? తెల్లారకముందే అక్కడికి ఎందుకు తీసుకెళ్లారు? వాళ్ల వయసెంత? ఇంట్లో వాళ్లు ఏమంటున్నారు? సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కమిషన్ చెప్పింది. వయసు అనేది వాళ్ల ఊరి బడికి వెళ్లి కనుక్కోదగ్గ సంగతి. అంత పెద్ద వార్తలో అంత చిన్న ప్రశ్న మొదటి రోజు ఎంతమంది వేశారో ఆ నాటి పేపర్లు దొరికితే మీరే తిరగేసి చూడండి.

ఇక పేర్లు ఎక్కడ మాయమవుతున్నాయో చూడాలి. జిల్లా పేజీ తీయండి. ప్రభుత్వాసుపత్రిలో ఏదైనా జరిగితే ఆసుపత్రి పేరు, వార్డు, డాక్టర్ పేరు, సూపరింటెండెంట్ వివరణ, అన్నీ ఉంటాయి. అదే ప్రైవేటులో జరిగితే 'పట్టణంలోని ఓ ప్రైవేటు ఆసుపత్రి'. ఆ 'ఓ' అనే ఒక్క అక్షరం వెనకాల చాలా కథ ఉంటుంది. నేను డెస్కులో ఉన్నప్పుడు ఒక బాలింత చనిపోయిందని, బంధువులు ఆసుపత్రి ముందు బైఠాయించారని కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే మనిషి, అర్ధరాత్రి ముందు వార్త పంపాడు. పేరుతోనే పంపాడు. పై నుంచి ఫోన్ వచ్చింది, పేరు తీసేశాం, మూడు పేరాలది ఒక పేరా అయింది. ఆ వారం అదే ఆసుపత్రి ప్రకటన అదే పేజీలో వచ్చింది. పేరు తీసేసింది నేనే, నా చేత్తోనే.

దీని వెనకున్న లెక్క తెలిస్తే మీకు ఇంకా బాగా కనిపిస్తుంది. మండల స్థాయిలో వార్తలు పంపే చాలామందికి వచ్చే డబ్బు చాలా తక్కువ. వాళ్లే ప్రకటనలు కూడా తేవాలి, దాని మీద కమీషన్ ఉంటుంది, ఏడాదికో టార్గెట్ ఉంటుంది. ప్రకటన ఇచ్చే ఆసుపత్రి, కాలేజీ, రియల్ ఎస్టేట్ వెంచర్ మీద వార్త రాయాల్సింది కూడా ఆ మనిషే. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆలోచించండి. కాబట్టి 'ఓ కార్పొరేట్ కళాశాల హాస్టల్లో విద్యార్థి ఆత్మహత్య' అని చదివినప్పుడు, ఫలితాల రోజు ఫుల్ పేజీ ర్యాంకుల ప్రకటన ఎవరిదో గుర్తు చేసుకోండి. అన్ని పేపర్లూ ఒకేసారి పేరు మింగేశాయంటే అది పార్టీల పక్షపాతం కాదు, డబ్బు పక్షపాతం. మనం పార్టీలను వెతుకుతూ దీన్ని వదిలేస్తుంటాం.

వాక్యం చివర క్రియ చూడండి. తెలుగులో ఈ సౌకర్యం బాగా ఉంది. 'పోలీసులు కొట్టారు' అనకుండా 'లాఠీచార్జి జరిగింది' అనొచ్చు, 'ఇళ్లు కూలగొట్టారు' అనకుండా 'ఆక్రమణల తొలగింపు చేపట్టడం జరిగింది' అనొచ్చు. చేసిన మనిషి వాక్యంలోంచి జారిపోతాడు. 'జరిగింది' కనిపించిన ప్రతిచోటా 'ఎవరు చేశారు?' అని పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. మనుషుల్ని పిలిచే మాటలూ అంతే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ, తమిళనాడుకు చెందిన 20 మందిని పోలీసులు కాల్చి చంపారు. ఇక్కడ చాలా వార్తల్లో వాళ్లు 'స్మగ్లర్లు', తమిళనాడులో 'కూలీలు'. స్మగ్లర్ అన్నాక ఇక దుంగలు కొనేవాడెవడు, ఓడలెక్కించేవాడెవడు అనే ప్రశ్నే పుట్టదు, చెట్టు నరికినవాడితోనే కథ అయిపోతుంది. వాళ్లలో కొందరిని ముందురోజు బస్సులోంచి దించి తీసుకెళ్లారని సాక్షులు జాతీయ మానవ హక్కుల సంఘం ముందు చెప్పారు. అలాంటి వార్తలకు పక్క రాష్ట్రపు పేపర్ ఏమంటోందో చూడడం మంచి అలవాటు, ఇప్పుడు ఫోన్‌లోనే అనువాదం వస్తోంది కాబట్టి భాష రాదన్న ఇబ్బంది కూడా తగ్గింది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది నోళ్లు లెక్కపెట్టడం. ఒక పెన్ను తీసుకుని వార్తలో ఎవరెవరు మాట్లాడారో వాళ్ల కింద గీత గీయండి. మంత్రి, ఎస్పీ, ఎమ్మెల్యే, ప్రతిపక్ష నాయకుడు. ఇప్పుడు ఆ నిర్ణయం వల్ల రేపు పొద్దున బతుకు మారేది ఎవరికో చూడండి. వాళ్ల కింద గీత ఉందా?

అమరావతి మీద ఈ ప్రయోగం చేసి చూస్తే సంగతి తెలుస్తుంది. 2019 డిసెంబర్ 17న అప్పటి ముఖ్యమంత్రి జగన్ అసెంబ్లీలో మూడు రాజధానుల మాట ఎత్తినప్పటి నుంచి, ఒక చేతిలో ఈనాడో ఆంధ్రజ్యోతో, ఇంకో చేతిలో ఆయన కుటుంబానికి చెందిన సాక్షి పట్టుకుంటే రెండు వేరు వేరు రాష్ట్రాల వార్తలు చదువుతున్నట్టుండేది. చాలామంది ఇక్కడ ఒక సలహా ఇస్తారు, రెండూ చదివి మధ్యలో ఉన్నది నిజమనుకో అని. నేను ఒప్పుకోను. రెండూ చదివాక రెండింట్లోనూ లేనిది ఏమిటో చూడాలి. రాజధాని కోసం 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. భూమి ఉన్నవాళ్లకు ప్లాట్లు, కౌలు వచ్చాయి. భూమి లేని కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను. ఆ పొలాల్లో మల్లెలు కోసిన కూలీలు, కూరగాయలు పండించిన కౌలుదార్లు పనులు పోయాక ఎక్కడికి వెళ్లారు? 'రైతుల త్యాగం' అన్న పేపర్‌లోనూ, 'రియల్ ఎస్టేట్ దందా' అన్న పేపర్‌లోనూ వాళ్ల నోరు వినిపించింది తక్కువే. రెండు వైపులా పోట్లాడుకుంటూ కూడా ఒకే మనిషిని మర్చిపోయారంటే, ఆ మనిషి ఏ వైపుకీ పనికిరాడని అర్థం. కూలీల వార్తలు ప్రజాశక్తి, విశాలాంధ్ర లాంటి వాటిలో ఎక్కువ దొరుకుతాయి, అవి కమ్యూనిస్టు పార్టీల పేపర్లన్నది గుర్తుపెట్టుకునే చదవండి, ఆ పార్టీల లోపలి గొడవలు వాటిలో దొరకవు.

వార్త ఎక్కడ వేశారన్నది కూడా ఒక రకమైన మౌనమే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు 2017లో పుట్టింది కాదు, అప్పటికే ఏళ్ల తరబడి కవిటి, సోంపేట, పలాస ఊళ్లలో జనం డయాలసిస్‌కు విశాఖ దాకా తిరుగుతున్నారు. ఆ వార్తలు వచ్చేవి, కానీ ఎక్కువగా శ్రీకాకుళం జిల్లా పేజీల్లోనే. మన పేపర్ల జిల్లా ఎడిషన్ల పద్ధతిలో ఉన్న చిక్కు ఇది. జిల్లా ప్రజలకు తమ ఊరి వార్త దొరుకుతుంది, హైదరాబాద్‌లో కూర్చున్న పాఠకుడికీ అధికారికీ అది కంటపడదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వెళ్లి బాధితులతో కూర్చున్నాక అది ఒక్కసారిగా రాష్ట్రమంతటి వార్త అయింది. 'రాశాం కదా' అని పేపర్ అనొచ్చు. మీరు మాత్రం ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లలో, ఎవరి ఎడిషన్‌లో అని అడగండి. వేరే జిల్లా ఈ-పేపర్ వారానికోసారి తెరిచి చూస్తే మీ మెయిన్ పేజీకి ఏం చేరలేదో అర్థమవుతుంది.

ఎన్నికలప్పుడు ఇంకాస్త జాగ్రత్త. 2009 ఎన్నికల తర్వాత డబ్బు తీసుకుని వార్తలు వేయడం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది, అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు 71 పేజీల నివేదిక ఇచ్చారు, అందులో పత్రికల పేర్లున్నాయి. 2010 జులైలో కౌన్సిల్ బయటపెట్టిన దాంట్లో ఆ పేర్లు లేవు. సమాచార హక్కు కింద కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో పూర్తి నివేదిక జనం ముందుకొచ్చింది. ఒక అభ్యర్థి గురించి పది రోజులు ఒక్క చెడ్డ మాట కూడా లేదంటే, ఆ వార్తల్లో అంకెలు, ప్రత్యర్థి పేరు, రిపోర్టర్ పేరు ఉన్నాయో లేదో చూసుకోండి.

ప్రతి ఖాళీనీ కుట్ర అనుకోకండి, అది కూడా ప్రమాదమే. దిశ అనే పేరే ఎందుకొచ్చింది? అత్యాచార బాధితుల పేరు రాయకూడదని చట్టం ఉంది కాబట్టి. రాత్రి పదకొండున్నరకు ప్రమాదం జరిగితే కొన్ని ఎడిషన్లకు అందదు. కొన్నిసార్లు మౌనం డెస్కులో పుట్టదు, బయటి నుంచి వచ్చి పడుతుంది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలే ఆపేశారు. అందుకే ఒక్కసారి వదిలేస్తే నేను పట్టించుకోను. అదే సంగతి మూడోసారి కూడా లేకపోతే, అవతలి పేపర్‌లో ఉండి ఇందులో లేకపోతే, ప్రతిసారీ ఒకే మనిషికో ఒకే సంస్థకో మేలు జరుగుతుంటే, అప్పుడు రాసుకుంటాను. మీకు నచ్చిన పేపర్ మీద ముందు మొదలుపెట్టండి. నచ్చనిదాంట్లో తప్పులు వెతకడానికి ఎవరూ నేర్పించక్కర్లేదు.

రాసుకోవడానికి నోట్‌బుక్ ఒకటి చాలు. ఎడమ పేజీలో తేదీ, వార్త, జవాబు దొరకని ప్రశ్న. కుడి పేజీ ఖాళీగా వదలండి, మూడు నెలలకోసారి వెనక్కి వెళ్లి జవాబు వచ్చిందేమో చూసి అక్కడ రాయండి. అరెస్టయ్యాడని మొదటి పేజీలో వచ్చినవాడు నిర్దోషిగా బయటపడ్డాడా, విచారణకు ఆదేశించిన కలెక్టర్‌కు నివేదిక అందిందా, ఇలాంటివన్నీ అక్కడే తేలతాయి. నా నోట్‌బుక్‌లో మొదటి తేదీ ఆ బాలింత చనిపోయిన రోజుది. కుడి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.