టిబెట్‌ల పిట్టకు పెట్టుడు: జాతోర్ ఎట్ల చేస్తరు

మూడో నాడు విస్తరాకుల బువ్వ పెట్టి, పిట్ట ముట్టేదాక పక్కకు జరిగి నిలబడే వరంగల్ దిక్కోళ్లకు జాతోర్ తెల్వని సంగతేం కాదు. మనం పోయినోళ్లకు ఇష్టమైంది వండి పెడ్తం. టిబెట్‌ల పోయినోళ్ల దేహాన్నే పెడ్తరు. 'జా' అంటే పిట్ట, 'తోర్' అంటే చల్లుడు. శవాన్ని పారేసుడు అనుకోవద్దు, ఇది దానం. తీసుకునే పిట్టకు పనికొచ్చేటట్టు ఇయ్యాలె.

ప్రాణం పోయినంక మామూలుగ మూడు రోజులు దేహాన్ని కదపరు. లామా పక్కన కూసొని బార్దో (చావుకు, మళ్ల పుట్టుడుకు నడిమి స్థితి) పాఠం చదువుతడు. చైతన్యం నడినెత్తి నుంచి బయటికి పోవాలెనని నమ్మకం. అందుకే కాళ్లో చేతులో ముందుగాల ముట్టుకోవద్దు, తప్పదంటే నడినెత్తినే ముట్టాలె. జ్యోతిష్యం తెలిసిన లామా దినం చూసి చెప్తడు. అప్పుడు మోకాళ్లు ఛాతీకి ఆనేటట్టు, కడుపుల బిడ్డ లెక్క మడిచి, తెల్లబట్టల చుట్టి, తెల్లారకముందే గుట్ట మీది బండకు మోసుకపోతరు. ఆ జాగను దుర్త్రో అంటరు. లాసాకు ఈశాన్యాన ఉన్న ద్రిగుంగ్ తిల్ మఠం దగ్గరిది బాగ పేరున్నది.

అక్కడ ముందు పొగ పెట్టాలె. జునిపర్ కొమ్మలు కాల్చి, మీద త్సాంపా చల్లుతరు. త్సాంపా అంటే వేయించిన బార్లీ పిండి, మన తొలి ఏకాదశి పేలపిండికి చుట్టమే, బెల్లం మాత్రం ఉండది. పొగ లేస్తే రాబందులు దిగుతయి. అవి హిమాలయ రాబందులు, రెక్కలు విప్పితే తొమ్మిది, పది అడుగులుంటయి.

దేహాన్ని కోసే పని రోగ్యాప అనేటాయనది. అసలు నేర్పు బొక్కల దగ్గర్నే ఉంటది. మాంసంతోని కడుపు నిండిన పిట్ట ఉత్త బొక్కను ముట్టది. అందుకే బొక్కలను బండ మీద సుత్తెతోని నలగ్గొట్టి, త్సాంపా కలిపి ముద్ద చేసి పెడ్తరు. కొన్ని జాగలల్ల బొక్కల ముద్దే ముందు పెట్టి, మాంసం తర్వాత వేస్తరు. ఏమీ మిగలొద్దు, మిగిలితే మంచిది కాదంటరు.

అంటురోగంతోనో విషంతోనో పోయినోళ్లను రాబందులకు పెట్టరు. పెద్ద లామాలకు దహనమో స్తూపమో. గడ్డకట్టిన నేల, కట్టె దొరకని ఎత్తు, జాతోర్‌కు ఇవీ కారణాలే. కానీ నమ్మకం ఇంకోటి: ఈ పూట కడుపు నిండిన పిట్ట ఇంకో ప్రాణిని తినది. ఆకలిగొన్న ఆడపులికి బోధిసత్త్వుడు ఒళ్లప్పగించిన కథ ఈ ఆచారం వెనక ఉన్నది. తర్వాత 49 రోజులు, ఏడు రోజులకోపారి ప్రార్థనలు చేస్తరు.

మీరు టిబెట్ చూడ పోతే, పిలవకుండ దుర్త్రోకు పోవద్దు, ఫోన్ బయటికి తియ్యొద్దు. అది ఒకరింటి చావు.

మన దిక్కు రాబందులు బెజ్జూర్ అడవిల పాలరాపు గుట్టకు వస్తయి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, వాటి కళేబరం తిన్న రాబందుల కిడ్నీలను చంపింది. పశువులకు ఆ మందు 2006ల, అసొంటివే కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్ 2023ల నిషేధించిన్రు. బర్రెకు నొప్పులకు సూది వేయించేటప్పుడు డాక్టర్‌ను రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామే అడగండి.