అలాస్కా క్రూజ్‌కి గైడ్‌బుక్‌తో ప్లాన్ చేసుకోవడం ఎలా

సమ్మర్‌కి అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారంటే నయాగరా తర్వాత ఇప్పుడు అందరి నోటా అలాస్కా క్రూజే. డీల్ కనపడగానే బుక్ చేసేసి ఆ తర్వాత ఏ ఊళ్ళో ఏముందా అని వెతుక్కుంటారు మనవాళ్ళు, అది తిరగేసి చేస్తే మేలు. ముందు లైబ్రరీ నుంచి ఒక అలాస్కా గైడ్‌బుక్ తెచ్చుకోండి, కొనక్కర్లేదు. షిప్పుల రివ్యూలు పక్కనపెట్టి ఊళ్ళ చాప్టర్లకి వెళ్ళిపోండి, ఎందుకంటే షిప్పులు మారుతుంటాయి, పుస్తకంలో రేట్లు పాతబడతాయి, కానీ క్రూజ్ ఆగే జునో ఊరి డౌన్‌టౌన్ నుంచి మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి (అంటే మంచునదికి) దాదాపు 12 మైళ్ళు అన్నది పాతబడదు (గ్లేసియరే కరిగి వెనక్కి పోతోంది, అది వేరే బాధ).

తర్వాత మీరు చూస్తున్న క్రూజ్ ఏ ఊళ్ళో ఎన్నింటికి ఆగి ఎన్నింటికి కదులుతుందో చిన్న స్టిక్కీ నోట్ మీద రాసి ఆ చాప్టర్‌లో అంటించండి. జునోలో 1కి ఆగి 9కి కదిలితే చేతిలో 8 గంటలు ఉన్నట్టు కాదు, దిగడానికి అరగంట, కదలడానికి అరగంట ముందే ఎక్కెయ్యాలి, గ్లేసియర్‌కి పోనూ రానూ బస్సుకి గంటన్నర, ఇక మిగిలింది ఐదున్నర. గ్లేసియర్ పక్కనే ఉన్న నగ్గెట్ ఫాల్స్ జలపాతం దాకా రానూపోనూ 2 మైళ్ళ నడక, దాదాపు చదునే, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు అంత నడవలేకపోతే గ్లేసియర్ కనపడే ఫోటో పాయింట్ దగ్గర్లోనే ఉంది. స్కాగ్వేలో ఇంత ఆలోచన అక్కర్లేదు, 1898లో బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టిన వైట్ పాస్ రైలు ఎక్కిస్తే పెద్దాళ్ళూ పిల్లలూ కూర్చునే కొండలు చూసేస్తారు. కెచికాన్‌లో వర్షం గ్యారంటీ అనుకుని రెయిన్‌కోట్లు పెట్టుకోండి.

గ్లేసియర్ బే (గ్లేసియర్లున్న నేషనల్ పార్క్) విషయంలో మాత్రం మీ షిప్ అక్కడికి వెళ్తుందో లేదో మ్యాప్ చూసి మరీ సరిచూసుకోండి. అక్కడికి రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్పులనే రానిస్తారు, మిగతావి ఎండికాట్ ఆర్మ్ లాంటి చోట్లకి పోతాయి, బ్రోషర్‌లో మాత్రం అందరూ గ్లేసియర్ ఫోటోనే వేస్తారు.

ఇక వీసా, దీనికి పుస్తకాన్ని నమ్మకండి, కెనడా గవర్నమెంట్ సైటే చూడండి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగినా షిప్ కెనడాలో విక్టోరియా లాంటి రేవులో ఆగుతుంది, విదేశీ జెండా ఉన్న షిప్పులు మధ్యలో ఏదో ఒక విదేశీ రేవు తాకాలని 1886 నాటి అమెరికా చట్టం. అందుకని విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకీ, హెచ్‌1బీ వాళ్ళకీ ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే కెనడా వీసా కావాలి, గ్రీన్‌కార్డ్ వాళ్ళకి ఆ కార్డూ పాస్‌పోర్టూ చాలు. ఇది తేలాకే డబ్బు కట్టండి.

రూమ్‌కి డెక్ ప్లాన్ చూసి షిప్ మధ్యలో, కింది డెక్‌లో తీసుకుంటే ఊపు తక్కువ. వెజిటేరియన్ అని బుకింగ్‌లోనే రాయించండి, ఇంట్లో వండింది మామూలుగా ఎక్కనివ్వరు, కారప్పొడి మీద బెంగ ఉంటే సీల్ తియ్యని ప్యాకెట్ కొనుక్కోండి.